నెలకో సాయంత్రం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

మన కార్యదర్శి గారు ఫోన్ చేసి నాకు ముందే ఒక షరతు పెట్టారు. "అన్నా, వంతెనల గురించి మాత్రం మాట్లాడొద్దు. పోయిన రెండు సభల్లోనూ అందరూ వాళ్ల వాళ్ల ఉద్యోగాల గురించే చెప్పారు. నువ్వేదో ఫ్రీమేసన్‌వట కదా, ఆ సంగతి చెప్పు. గ్రూపులో దాని మీద పెద్ద చర్చే నడిచింది" అన్నారు. ఆ చర్చ నేనూ చదివాను. రహస్య సంఘమని ఒకరు, ముసుగులేసుకుంటారని ఒకరు, ప్రపంచాన్ని నడిపేది వాళ్లేనని ఇంకొకరు రాశారు. ప్రపంచాన్ని నడిపే సంగతి దేవుడెరుగు, మా లాడ్జిలో పాత జనరేటర్ మార్చాలా వద్దా అని తేల్చుకోవడానికే మాకు మూడు నెలలు పట్టింది.

కాబట్టి రహస్యాలేవో బయటపడతాయని ఆశపడి కూర్చున్నవాళ్లు కాస్త నిరాశపడాల్సి వస్తుంది. పదిహేనేళ్లుగా నెలకో సాయంత్రం నేనెక్కడికి వెళ్తున్నాను, అక్కడ ఏం చేస్తాం, దానిలో మన సంఘానికి పనికొచ్చేదేమైనా ఉందా? ఈ మూడే చెబుతాను.

ముందు ఆ మాట సంగతి తేల్చాలి. మన దగ్గర లాడ్జి అంటే బస్టాండు ఎదురుగా గదులు అద్దెకిచ్చే చోటు. నేను చేరిన కొత్తలో మా అమ్మ హైదరాబాద్‌లో మా ఇంట్లోనే ఉండేది. శనివారం సాయంత్రం సూటు వేసుకుని "అమ్మా, లాడ్జికి వెళ్లొస్తా" అంటే ఆవిడ మా ఆవిడ వైపు చూసి, "ఇంత ఇల్లుండగా వీడికి లాడ్జి ఎందుకే?" అంది. పైగా మా నెలవారీ ఆహ్వానానికి పేరు సమన్స్. అది పోస్టులో వచ్చినప్పుడు "కోర్టు కాగితం కాదు కదా" అని ఇంట్లో రెండుసార్లు అడిగారు. తలుపు దగ్గర కాపలా ఉండేవారిని టైలర్ అంటాం. ఆయన బట్టలు కుట్టరు. ఇన్ని తికమకలున్న సంస్థ మీద పుకార్లు పుట్టడంలో వింతేముంది?

మేసన్ అంటే తాపీమేస్త్రీ. మధ్యయుగపు యూరప్‌లో పెద్ద పెద్ద చర్చిలు కట్టిన రాతిపనివాళ్లు పని జరిగే చోట వేసుకున్న పాకకు లాడ్జి అని పేరు. పనిముట్లు అక్కడే, కూలి లెక్కలు అక్కడే, కొత్త కుర్రాడికి పని నేర్పేదీ అక్కడే. తర్వాత తర్వాత రాతిపనితో సంబంధం లేనివాళ్లు కూడా ఆ కూటాల్లో చేరడం మొదలైంది. ఉలి, సుత్తి పట్టాల్సిన పని పోయి, వాటి పేరుతో నడవడి నేర్చుకునే సంఘాలుగా అవి మారాయి. లండన్‌లో నాలుగు లాడ్జిలు కలిసి 1717 జూన్ 24న ఒక గ్రాండ్ లాడ్జిగా ఏర్పడ్డాయని మా సంప్రదాయం. వాళ్లు కలిసింది రాజభవనంలో కాదు, ఒక సారాయి అంగట్లో. 1723లో నియమావళి అచ్చువేశారు.

మన దేశానికి ఇది ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులతో, సైనికాధికారులతో వచ్చింది. 1730 ప్రాంతానికే కలకత్తాలో లాడ్జి ఉంది, 1752 నాటికి మద్రాసులో ఉంది. చాలాకాలం అది దొరల సంఘమే. కలకత్తాలో ప్రసన్న కుమార్ దత్ అనే ఆయన సభ్యత్వం కోరితే, హిందువుని చేర్చుకోవచ్చా లేదా అని ఏళ్ల తరబడి వాదులాడి, చివరికి 1872లో చేర్చుకున్నారు. ఆయన్ని చేర్చుకున్న 'యాంకర్ అండ్ హోప్' లాడ్జిలోనే పన్నెండేళ్ల తర్వాత, 1884లో, నరేంద్రనాథ్ దత్తా అనే యువకుడు చేరాడు. ఆయన్ని మనం వివేకానంద స్వామిగా ఎరుగుదుం. మోతీలాల్ నెహ్రూ కూడా మేసనే. 1961 నవంబర్ 24న గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. అప్పటినుంచి మన దేశపు లాడ్జిల్లో ఎక్కువ భాగం దాని కింద నడుస్తున్నాయి, మాదీ అంతే.

మేం కలిసేది హైదరాబాద్‌లో, గోషామహల్ బారాదరిలో. గోల్కొండ చివరి సుల్తాను తానీషా కాలపు కట్టడం అది. ఆరో నిజాం రోజుల్లో, 1872లో, మేసన్ల చేతికి వచ్చింది. ఎత్తయిన కమానులు, మందపాటి సున్నపు గోడలు. మేసన్ల హాలును ఉత్తరాదిలో జనం జాదూఘర్ అనేవారు. కిప్లింగ్ నవల 'కిమ్'లో కూడా ఆ మాట కనిపిస్తుంది. తలుపులు మూసుకుని లోపల ఏదో చేస్తున్నారంటే మంత్రతంత్రాలే అనుకోవడం సహజం. నేను ఇంజనీర్ని కనుక మొదటిసారి వెళ్లినప్పుడు మంత్రాలకంటే ముందు పైకప్పు చూశాను. ఇంతకాలం వాన నీటిని ఎలా ఓర్చుకుందా అని.

ఇక నెలవారీ వ్యవహారం. మా సమావేశం మూడో శనివారం. వానొచ్చినా, క్రికెట్ ఫైనల్ ఉన్నా మూడో శనివారమే. "ఈ నెల అందరికీ ఎప్పుడు వీలవుతుంది?" అనే ప్రశ్నే ఉండదు. మీలో ఎవరైనా వాట్సాప్ గ్రూపులో పదిమందిని ఒక రోజుకు ఒప్పించే ప్రయత్నం చేసి ఉంటే ఈ మాట విలువ తెలుస్తుంది. పది రోజుల ముందు కార్యదర్శి సమన్స్ పంపుతారు. అందులో ఆ నెల కార్యక్రమం ఉంటుంది. రాలేనివాళ్లు ఊరుకోకూడదు, రాలేమని ముందుగా తెలపాలి.

ఆ సాయంత్రం ముదురు రంగు సూటులోనో బంద్‌గలాలోనో వస్తాం. తలుపు దగ్గరున్న పుస్తకంలో సంతకం పెడతాం. నడుముకు ఏప్రన్ కట్టుకుంటాం. కొత్త సభ్యుడిది తెల్లటి గొర్రెపిల్ల తోలుతో చేసినది, అలంకారం ఏమీ ఉండదు. పాతకాలపు రాతిపనివాడు బట్టలు పాడవకుండా కట్టుకున్న తోలుకు అది గుర్తు. కలెక్టరుగా చేసి రిటైరైనా, కాంట్రాక్టరైనా, స్కూటరు మీద వచ్చే బ్యాంకు ఉద్యోగైనా అదే కట్టుకోవాలి. లోపల ఒకరినొకరం పేరుకు ముందు 'బ్రదర్' చేర్చి పిలుస్తాం. బయట ఎవరెంతటివాళ్లో ఆ రెండు గంటలూ లెక్కలోకి రాదు.

మధ్యలో నలుపు తెలుపు గళ్ల నేల. తూర్పున మాస్టర్ కుర్చీ, పడమట సీనియర్ వార్డెన్, దక్షిణాన జూనియర్ వార్డెన్. ఒక పీఠం మీద భగవద్గీత, ఖురాన్, బైబిల్, గురుగ్రంథ్ సాహిబ్, అవెస్తా పక్కపక్కనే ఉంటాయి. చేరేవాళ్లు తాము నమ్మిన గ్రంథం మీద చెయ్యి ఉంచి ప్రమాణం చేస్తారు. దేవుడున్నాడన్న నమ్మకం ఉండాలి. ఏ దేవుడని ఎవరూ అడగరు. మతం గురించి, రాజకీయం గురించి లాడ్జిలో వాదన పెట్టుకోకూడదన్నది మొదటినుంచీ ఉన్న నియమం. ఎన్నికల నెలల్లో ఆ ఒక్క నియమం కోసమే అయినా వెళ్లాలనిపిస్తుంది!

పోయిన నెల మినిట్స్ చదివి ఆమోదిస్తాం. లెక్కలు చూస్తాం. కొత్తవారి దరఖాస్తు ఉంటే ఓటు వేస్తాం. చేతులెత్తడం కాదు, ఒక పెట్టెలో చెయ్యి పెట్టి తెల్ల గుండో నల్ల గుండో వేయాలి. నల్లవి పరిమితి దాటితే దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. ఎవరేది వేశారో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఎవరినైనా చేర్చుకునేది ఉంటే ఆ కార్యక్రమం. దీనికి మూడు మెట్లున్నాయి. మొదట నేర్చుకునేవాడు, తర్వాత పనివాడు, ఆపైన మేస్త్రీ. ఒక్కో మెట్టుకూ ఒక చిన్న నాటకంలాంటి తంతు ఉంటుంది. దాని సంభాషణలు కాగితం చూసి చదవకూడదు, కంఠతా రావాలి. ఎక్కాలు అప్పజెప్పలేక బెంచీ ఎక్కి నిల్చున్నవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు, వాళ్ల పేర్లు చెప్పను. యాభై దాటాక రాత్రి పదింటికి వరండాలో పచార్లు చేస్తూ పాఠం వల్లెవేసే అవకాశం ఈ లాడ్జి నాకిచ్చింది. మా అమ్మాయి పుస్తకం పట్టుకుని తప్పులు దిద్దేది.

సివిల్ ఇంజనీర్ని కనుక నన్ను పట్టి లాగింది పనిముట్లు. మనం సైట్లో రోజూ చూసేవే. గోడ మూల సరిగ్గా వచ్చిందా అని చూసే మూలమట్టం, వరస సమంగా ఉందా అని చూసే రసమట్టం, గోడ నిలువు చూసే దారపు గుండు. లాడ్జిలో మూలమట్టం నడతకు గుర్తు, మట్టం సమానత్వానికి గుర్తు, గుండు నిజాయితీకి గుర్తు. ఇరవై నాలుగు అంగుళాల కొలబద్ద ఒకటుంటుంది, అది రోజులోని ఇరవై నాలుగు గంటలు. అందులో ఒక భాగం దైవానికి, ఒక భాగం పనికీ విశ్రాంతికీ, ఒక భాగం కష్టంలో ఉన్నవాడికి సాయపడటానికి. ఆ సాయానికి ఒక హద్దు కూడా చెప్పారు: నీకూ నీ ఇంటివాళ్లకూ నష్టం రానంతవరకు. ఈ హద్దు నాకు బాగా నచ్చింది. ఎంత బరువు మోయగలదో తెలియని దూలం మీద బరువు పెట్టకూడదని మాకు మొదటి ఏడాదే చెబుతారు.

ఇంకో మంచి ఏర్పాటు పదవులది. మాస్టర్ పదవి ఒక్క ఏడాదే. ఏడాది కాగానే దిగిపోవాలి. అదీ ఎక్కడో మొదలుపెట్టి, ఏడాదికో మెట్టు చొప్పున పని నేర్చుకుంటూ వస్తేనే ఆ కుర్చీ. మొదలుపెట్టేది భోజనాల దగ్గర వడ్డించే స్టీవార్డుగా. నేనూ రెండేళ్లు వడ్డించాను. ఇప్పుడు మా తలుపు దగ్గర కూర్చునే టైలర్ గారు ఒకప్పుడు మాకు మాస్టర్‌గా చేసినవారే. పెద్ద కుర్చీలోంచి దిగి గుమ్మం దగ్గర కూర్చోవడం ఆయనకు చిన్నతనంగా లేదు. సంఘాలు చెడిపోయేది దిగనివాళ్ల వల్లనే అని ఆయన నవ్వుతూ అంటుంటారు.

సమావేశం అయ్యాక భోజనం. దీన్ని మేం ఫెస్టివ్ బోర్డ్ అంటాం. పేరు ఘనంగా ఉంటుంది కానీ, బగారా అన్నం, దాల్చా, మిర్చీ కా సాలన్, శాకాహారులకు వేరే బల్ల మీద పప్పు, కూర, పెరుగు. చివర డబుల్ కా మీఠా. నాతో ఒకే బల్ల మీద తినేవాళ్లలో ఒక పళ్ల డాక్టరు, రైల్వేలో రిటైరైన గార్డు, ఒక సర్దార్జీ, ఎనభై దాటిన ఒక పార్సీ పెద్దాయన, పాతబస్తీలో అత్తరు వ్యాపారం చేసే ఒక భాయ్ ఉన్నారు. ఈ అయిదుగురిలో ఒక్కరినైనా నా ఉద్యోగం ద్వారా గానీ చుట్టరికం ద్వారా గానీ కలిసే వీలు నాకు ఎప్పటికీ ఉండేది కాదు.

ఈ బల్ల విలువ తెలియాలంటే పాత సంగతి ఒకటి చెప్పాలి. రడ్యార్డ్ కిప్లింగ్ ఇరవై ఏళ్ల వయసులో, 1886లో, లాహోర్‌లో మేసన్ అయ్యాడు. తనను లాడ్జిలోకి తీసుకున్నది బ్రహ్మసమాజం మనిషనీ, రెండో మెట్టు ఎక్కించింది ఒక ముస్లిమనీ, మూడోది ఇంగ్లీషువాడనీ, గుమ్మం దగ్గర కూర్చునే టైలర్ ఒక భారతీయ యూదుడనీ ఒక లేఖలో రాశాడు. అదే లోకం మీద 'ది మదర్ లాడ్జ్' అని ఒక పద్యం కూడా రాశాడు. అందులో ఒక దిగులు కనిపిస్తుంది. అన్ని మతాలవాళ్లూ పక్కపక్కన కూర్చుంటారు, అన్నదమ్ములమని చెప్పుకుంటారు, కానీ విందు మాత్రం పెట్టుకోలేరు. ఎందుకంటే కలిసి తింటే కులం చెడుతుంది. ఆ మాట రాసి నూటపాతికేళ్లు దాటింది. తలుపులు మూసుకుని చేసే తంతుకంటే, తలుపులు తీశాక బగారా గిన్నె ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్లడమే నాకు ముఖ్యమనిపిస్తుంది. మన బడిలో వనభోజనాల రోజున గురువులు మనందరినీ కలిపి ఒకే బంతిలో కూర్చోబెట్టింది ఎందుకో నాకు అక్కడే అర్థమైంది.

భోజనం చివర ఒక మాట చెప్పుకుంటాం. దాన్ని టైలర్ గారే చెబుతారు. భూమ్మీద, నీళ్లమీద ఎక్కడెక్కడో కష్టాల్లో ఉన్న సోదరులందరికీ ఆ కష్టం తొందరగా తీరాలని, ఇంటికి చేరాలనుకునేవాళ్లు క్షేమంగా చేరాలని దాని భావం. గ్లాసులో ఎక్కువగా ఉండేది మజ్జిగో నిమ్మరసమో. ఆ మాట అయ్యాక ఇంక ఎవరూ ప్రసంగించకూడదు. ఇది కూడా మనం నేర్చుకోదగ్గదే!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. లాడ్జిలో ఆల్మనర్ అని ఒక పదవి ఉంది. దీన్ని పరామర్శ బాధ్యుడు అనుకోండి. ఎవరు జబ్బుపడ్డారు, ఎవరి ఇంట్లో ఇబ్బంది ఉంది, చనిపోయిన సభ్యుల ఇళ్లలో భార్యా పిల్లలు ఎలా ఉన్నారు, ఇవన్నీ కనుక్కుంటూ ఉండటమే ఆయన పని. ప్రతి నెలా సభలో నివేదిక చెప్పాలి. చెప్పడానికి ఏమీ లేకపోతే లేదని చెప్పాలి.

నాలుగేళ్ల కిందట, నేను ఇందాక చెప్పిన పార్సీ పెద్దాయన ఒక నెల రాలేదు. రాలేనని కబురు పంపారు. రెండో నెలా అంతే. మన సంఘాల్లో అయితే "పెద్దవయసు కదా, వచ్చినప్పుడు వస్తారు" అనుకుని ఊరుకుంటాం. మా ఆల్మనర్ మర్నాడు ఉదయం సికింద్రాబాద్‌లో ఆయన ఇంటికి వెళ్లారు. ఆయనకు జబ్బేమీ లేదు. కంట్లో శుక్లం ముదిరింది. రాత్రిపూట ఎదురుగా వచ్చే లైట్లకు కళ్లు చెదిరి కారు నడపలేకపోతున్నారు. పిల్లలు కెనడాలో. ఒకరిని కారు అడగడానికి మొహమాటం. మూడో నెలకల్లా ఎవరెవరు ఆయన్ని తీసుకురావాలో పట్టిక తయారైంది. కంటి ఆపరేషన్ రోజున పళ్ల డాక్టరుగారే ఆస్పత్రిలో పక్కన కూర్చున్నారు. "పంటికీ కంటికీ పెద్ద దూరం లేదులే" అన్నారట. ఇప్పుడాయన మళ్లీ నెలనెలా వస్తున్నారు, మా అందరికంటే ముందు.

నేను ఉద్యోగంలో చేసేది కొంతవరకు ఇదే. కార్యదర్శి గారు వంతెనల గురించి వద్దన్నారు, ఒక్క నిమిషం మన్నించాలి. వంతెన పడిపోయాక వెళ్లి చూసేది తనిఖీ కాదు. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వెళ్లి బేరింగులు, జాయింట్లు, పునాది దగ్గర కోత చూడాలి. బాగానే ఉన్నా చూడాలి. బాగుందని కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. పగులు సన్నగా ఉన్నప్పుడు కనిపించేది ఆ తేదీ ఉండబట్టే, ఆ సంతకం పెట్టే మనిషి ఉండబట్టే. మనుషుల మధ్య స్నేహం కూడా ఇలాగే అని నాకు లాడ్జిలో తెలిసింది. ప్రేమ చాలామందికి ఉంటుంది. వెళ్లి చూసే పని మాత్రం ఎవరికో ఒకరికి అప్పగిస్తేనే జరుగుతుంది.

దీన్ని మన సంఘానికి ఆనించి చెప్పక తప్పదు. మా బ్యాచ్ గ్రూపులో నూటముప్పై మందిమి ఉన్నాం. పొద్దున్నే శుభోదయాలు, పండగలకు బొమ్మలు, పుట్టినరోజులకు కేకులు. మూడేళ్ల కిందట మా తరగతివాడే ఒకతని పుట్టినరోజు వచ్చింది. పేరు చెప్పను, కుటుంబం ఇప్పటికీ ఈ చుట్టుపక్కలే ఉంది. ముప్పైమందికి పైగా శుభాకాంక్షలు పెట్టారు. మధ్యాహ్నం అతని నంబరు నుంచి జవాబు వచ్చింది. రాసింది వాళ్ల అబ్బాయి. "నాన్న పోయి రెండు నెలలైంది అంకుల్. మీ అందరికీ థ్యాంక్స్."

ఇందులో తప్పు ఫలానావాళ్లదని నేననను. మనలో ఎవరికీ మనసు లేక కాదు. ఆ కబురు తెలిసిన రోజున ఏడ్చినవాళ్లున్నారు, మర్నాడే కారు కట్టించుకుని వాళ్లింటికి వెళ్లినవాళ్లున్నారు. కానీ అతను రెండు నెలలుగా గ్రూపులో మాట్లాడటం లేదని చూడాల్సిన మనిషంటూ మనకు లేడు. నూటముప్పై మంది ఉన్నచోట ఒక్కరికీ అప్పగించలేదు. లాడ్జిలో మేం నలభైమందిమే. అక్కడ రెండు నెలలు కనబడకపోతే తలుపు తట్టే మనిషి ఉన్నాడు.

లాడ్జి గొప్పదని చెప్పి మిమ్మల్నందరినీ చేర్చుకోవడానికి నేను రాలేదు. దాని లోపాలు నాకు తెలుసు. అడిగేవాళ్లు అడిగే ప్రశ్నలకు దాచుకోకుండా జవాబు చెబుతాను.

రహస్యం ఏమిటంటారా? ఒకరినొకరం గుర్తుపట్టే కొన్ని గుర్తులు బయట చెప్పమని మాట ఇచ్చాం, కాబట్టి చెప్పను. అవి తెలుసుకున్నా మీకు ఏ లాభమూ లేదు. మిగతాదంతా పుస్తకాల షాపులో దొరుకుతుంది. ఒకరికొకరు కాంట్రాక్టులు ఇప్పించుకుంటారా? లాభం కోసం చేరడం లేదని చేరేటప్పుడే చెప్పించుకుంటారు. అయినా ఆ ఆశతో వచ్చేవాళ్లు ఉంటారు. నెలనెలా మినిట్స్ వినలేక రెండేళ్లలో వాళ్లే మానేస్తారు. ఖర్చు అవుతుందా? చందా ఉంది, భోజనం ఖర్చు ఉంది, సూటు కావాలి. అందరికీ అందుబాటు కాదు, ఆ మాట నిజం.

ఆడవాళ్లకు చోటు లేదన్నది అన్నిటికంటే గట్టి ప్రశ్న. మా అమ్మాయే అడిగింది, "నేను పుస్తకం పట్టుకుని తప్పులు దిద్దొచ్చు గానీ లోపలికి రాకూడదా నాన్నా?" అని. మా గ్రాండ్ లాడ్జి కింద ఉన్న లాడ్జిలు మగవాళ్లవే. స్త్రీ పురుషులు కలిసి ఉండే మేసన్ శాఖ వేరే ఉంది. అనీబిసెంటు గారు అందులో ముఖ్యులు. మద్రాసు అడయారు వైపు నుంచి అది మన దేశంలో నడిచింది. ఈ చరిత్ర అంతా చెప్పాను. అమ్మాయి విని, "అది నా ప్రశ్నకు జవాబు కాదు" అంది. కాదు, నిజమే. ఈ సభలో అక్కలూ చెల్లెళ్లూ మనతో సమానంగా కూర్చున్నారు. ఆ విషయంలో మన బడి మా లాడ్జికంటే ముందుంది. నేర్చుకోవాల్సింది అటు నుంచి ఇటు మాత్రమే కాదు.

అయితే ఇటు తెచ్చుకోదగ్గవి మూడున్నాయని నా మనవి. ఏప్రన్లూ వద్దు, గుళ్ల పెట్టెలూ వద్దు. మూడే.

మొదటిది, తేదీ. మనం ఏడాదికోసారి జనవరిలో కలుస్తున్నాం. యాభయ్యేళ్లుగా ఈ పరంపర నిలబెట్టినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. దానికి తోడు నెలకోసారి, రెండో ఆదివారం ఉదయం, ఇక్కడే, బడి వరండాలో రెండు గంటలు. వీలడగడాలు వద్దు. పదిమంది వచ్చినా పదిమందితోనే జరగాలి, ముగ్గురే వస్తే ముగ్గురితో. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లం అక్కడ ఒక చోట చూసుకుంటాం. కలిశాక తప్పకుండా ఏదో ఒకటి కలిసి తినాలి, ఇడ్లీ అయినా సరే.

రెండోది, పరామర్శ బాధ్యులు. ప్రతి బ్యాచ్‌కి ఒకరు. వాళ్ల దగ్గర ఒక నోటుపుస్తకం. అందులో బ్యాచ్ పేర్లన్నీ. మూడు నెలలకోసారైనా ప్రతి పేరుకీ ఒక ఫోను. మెసేజ్ కాదు, గొంతు వినాలి. ఫోను ఎత్తకపోతే మనిషి వెళ్లాలి. మన గురువుల పేర్లతో వేరే పుస్తకం ఉండాలి. రిటైరైన మాస్టార్లు, టీచర్లు ఎవరెక్కడున్నారో మనలో చాలామందికి తెలియదు. సన్మానానికి శాలువా కప్పడానికి గుర్తొచ్చే గురువుగారు, కంటి ఆపరేషన్ రోజున కూడా గుర్తురావాలి. నెల నెలా కలిసినప్పుడు ఆ పుస్తకం తీసి చదవాలి. చెప్పడానికి ఏమీ లేకపోతే, అందరూ క్షేమమని చెప్పాలి. ఆ మాట వినడం కూడా బాగుంటుంది.

మూడోది, పదవులు ఏడాదికోసారి మారాలి. ఇప్పుడున్న కార్యవర్గం పన్నెండేళ్లుగా మోస్తోంది. వాళ్లు దిగమని అనడం లేదు, వాళ్ల బరువు దించమని అంటున్నాను. చిన్న బ్యాచ్‌ల పిల్లలు, 2010 తర్వాత బయటికి వెళ్లినవాళ్లు, ఈ సభలో వెనక వరసల్లో నిలబడి ఉన్నారు. వాళ్లకు ముందుగా వడ్డన అప్పగించండి, తర్వాత లెక్కలు, తర్వాత కార్యదర్శి పని. మెట్టు మెట్టుగా వస్తే కుర్చీ విలువ తెలుస్తుంది. దిగినవాళ్లు గుమ్మం దగ్గర కూర్చుని వచ్చినవాళ్లను పేరుపేరునా పలకరించవచ్చు. అదేమీ చిన్న పని కాదు.

మన వయసు గురించి కూడా ఒక మాట. మా బ్యాచ్‌వాళ్లం యాభైల్లో ఉన్నాం. పిల్లలు ఇళ్లు వదిలి వెళ్లే కాలం, తల్లిదండ్రులు ఒక్కొక్కరే వెళ్లిపోయే కాలం, ఉద్యోగం చివరికొచ్చే కాలం. ఆఫీసు స్నేహాలు ఆఫీసు గేటు దగ్గరే ఆగిపోతాయని రిటైరైన సీనియర్లు చెబుతారు. మనల్ని నిక్కర్లలో చూసినవాళ్లు, మన ఇంటిపేరుతో పిలిచేవాళ్లు, మన నాన్న చేతిలో మనం తిన్న దెబ్బలు తెలిసినవాళ్లు ఈ హాల్లో ఉన్నవాళ్లే. వీళ్లను పోగొట్టుకుంటే కొత్తగా సంపాదించుకోలేం.

లాడ్జిలో రెండు రాళ్లు పెడతారు. ఒకటి గని నుంచి తెచ్చిన గరుకురాయి, ఒకటి చెక్కి నునుపు చేసింది. మనిషి మొదటిదానిలా వచ్చి రెండోదానిలా తయారవ్వాలని అర్థం. ఈ రాళ్లను అందరూ విడివిడిగా చూస్తారు. గోడ కట్టేవాడిగా నాకు తెలిసిందేమిటంటే, చెక్కిన రాయి ఒక్కటీ ఏ పనికీ రాదు. పక్కన ఇంకో రాయి ఆనాలి. మన గురువులు మనల్ని చెక్కారు. ఆనుకుని నిలబడటం మన పని.

కార్యదర్శి గారి బల్ల మీద కొత్త నోటుపుస్తకం ఒకటి పెట్టి వచ్చాను. మొదటి పేజీలో 1985 బ్యాచ్ పరామర్శ బాధ్యుడిగా నా పేరు, ఫోన్ నంబరు రాశాను, ఈ ఒక్క ఏడాదికే. మిగతా బ్యాచ్‌లకు గీతలు కొట్టి ఉంచాను. భోజనాలకు వెళ్లేలోగా ఆ గీతల మీద పేర్లు పడాలని కోరుతున్నాను.